ఆ మాట రోవర్ అనలేదట!

మీలో చాలామందికి ఆ ఫార్వర్డ్ వచ్చే ఉంటుంది. ఎర్రటి నేల మీద ఆరు చక్రాల బండి ఒకటి ఒంటరిగా నిలబడి ఉంటుంది. కింద రెండే రెండు ముక్కలు: "నా బ్యాటరీ తగ్గిపోతోంది. చీకటి పడుతోంది." అంగారకుడి మీద పదిహేనేళ్ళు ఉన్న ఆపర్చ్యునిటీ రోవర్ ఆగిపోయే ముందు భూమికి పంపిన ఆఖరి మాటలట అవి.

నాకది 2019 ఫిబ్రవరిలో వచ్చింది. నైట్ షిఫ్ట్, తెల్లవారుజామున మూడింటి బ్రేక్. స్టాఫ్ రూములో టీ కలుపుకుని ఫోన్ తీశాను. మన గ్రూపుల్లోనే ఎవరో పెట్టారు. చదివి ఏడ్చేశాను. మాటవరసకి అనడం లేదు, నిజంగానే ఏడ్చాను. పక్కనే ఉన్న మలయాళీ సిస్టర్ కంగారుపడి, ఇంటి దగ్గర ఎవరికైనా ఏమైనా అయిందా అని అడిగింది. మనలాంటి వాళ్ళు ఫోన్ చూసి ఏడిస్తే ముందు వచ్చే ప్రశ్న అదే కదా. "కాదు, మార్స్ మీద బండి ఆగిపోయింది" అన్నాను. ఆవిడ నా మొహం వంక ఒకసారి చూసి, బిస్కెట్ల డబ్బా నా వైపు జరిపి ఊరుకుంది.

షిఫ్ట్ అయ్యాక బస్సులో కూర్చుని ఆలోచిస్తే నాకే సిగ్గేసింది. పేషెంట్ పోతే కూడా కర్టెన్ లాగి, పని పూర్తి చేసి, పక్క బెడ్ దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని. ఒక బండి కోసం ఏడవడమేంటి? నేనొక్కదాన్నే కాదు. ఆ వారం ప్రపంచంలో ఎంతమంది ఏడ్చారో లెక్కలేదు. ఆ రెండు ముక్కలూ టీషర్టుల మీదకి కూడా ఎక్కాయి.

అసలు మనకి కుజుడంటే చిన్నప్పటి నుంచి మంచి అభిప్రాయం లేదు. మా పిన్ని కూతురికి కుజదోషమని నాలుగు సంబంధాలు వెనక్కి పోయాయి. ఆఖరికి కుజదోషం ఉన్న అబ్బాయినే వెతికి చేశారు, సుఖంగానే ఉన్నారు, అది వేరే సంగతి. అలాంటి కుజుడి మీద తిరిగే బండి అంటే ఇంత ఆపేక్ష ఎలా వచ్చిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

2004 జనవరిలో రెండు రోవర్లు మూడు వారాల తేడాతో అంగారకుడి మీద రెండు వైపులా దిగాయి. ముందు స్పిరిట్, తర్వాత ఆపర్చ్యునిటీ. అచ్చం కవల పిల్లలే. ఒక్కొక్కటీ సుమారు 180 కిలోలు. వీపు మీద సోలార్ పలకలు, సన్నటి మెడ, మెడ మీద రెండు కళ్ళలా కెమెరాలు. ఆ కెమెరాలు నేల నుంచి మీటరున్నర ఎత్తులో ఉంటాయి. అంటే మనలాంటి పొట్టివాళ్ళు నిలబడి చూస్తే ఎలా కనిపిస్తుందో ఆ ఫోటోల్లో అలాగే కనిపిస్తుంది. పై నుంచి తీసిన ఫోటో చూస్తే "అబ్బో, గ్రహం" అనుకుంటాం. ఈ ఫోటోలు చూస్తే మనమే అక్కడ నిలబడ్డట్టు ఉంటుంది. పైగా నాసా వాళ్ళు ఫోటోలు రాగానే ఏ మెరుగులూ దిద్దకుండా ఇంటర్నెట్‌లో పెట్టేసేవాళ్ళు. సైంటిస్టు ఎంత తొందరగా చూశాడో ఇంట్లో కూర్చున్న మనమూ దాదాపు అంత తొందరగా చూసేవాళ్ళం.

వాటిని తొంభై రోజుల పని మీద పంపారు. సరిగ్గా చెప్పాలంటే తొంభై అంగారక దినాలు. తర్వాత దుమ్ము పట్టి పలకలు పనిచేయవనుకున్నారు. అయితే ఎవరూ అనుకోనిది జరిగింది. అక్కడి గాలులే అప్పుడప్పుడు వచ్చి పలకల మీద దుమ్ము ఊడ్చి వెళ్ళేవి. ఇక్కడ మనమేమో ఊడ్చిందే ఊడుస్తూ ఛస్తున్నాం!

మా నాన్న ఆర్టీసీ డ్రైవరు. ముప్పై రెండేళ్ళు స్టీరింగ్ పట్టుకుని రిటైరయ్యారు. ఈ రోవర్ల వార్త పేపర్లో వచ్చిన రోజు నుంచీ ఆయనకి అవి "మన బళ్ళు" అయిపోయాయి. నేను అప్పటికింకా గుంటూరులోనే పనిచేస్తున్నాను. అదే ఏడాది చివర్లో ఇక్కడికి, ఇంగ్లండుకి వచ్చాను. రెండేళ్ళు చేసి నాలుగు డబ్బులు వెనకేసుకుని వెళ్ళిపోదామని. తొంభై రోజులకని వెళ్ళిన అది, రెండేళ్ళకని వచ్చిన నేను, ఇద్దరం ఒకే ఏడాది కొత్త నేల మీద కాలు పెట్టాం. ఆదివారం ఫోన్ చేసినప్పుడల్లా నాన్న ముందు నా ఆరోగ్యం అడిగి, తర్వాత బండి ఆరోగ్యం అడిగేవారు. "ఎన్ని కిలోమీటర్లయింది?" అనేది ఆయన అడిగే మొదటి ప్రశ్న. నేను కంప్యూటర్లో చూసి చెప్పేదాన్ని. 2015 మార్చిలో ఆపర్చ్యునిటీ మారథాన్ దూరం, 42 కిలోమీటర్ల చిల్లర, పూర్తి చేసిందని చెప్తే, "పదకొండేళ్ళకా? మా డిపోలో అయితే మెమో ఇచ్చేవాళ్ళు" అన్నారు. మొత్తానికి అది ఆగిపోయేనాటికి 45 కిలోమీటర్లు దాటింది. మా గుంటూరు నుంచి చిలకలూరిపేట వెళ్ళేంత, కొంచెం అటూ ఇటూ.

స్పిరిట్ కథ నాకు ఇంకా ఇష్టం. 2006లో దాని ముందు కుడి చక్రం పూర్తిగా పట్టేసింది. తిరగదు. అప్పటి నుంచి దాన్ని వెనక్కి నడిపిస్తూ, ఆ పాడైన చక్రాన్ని ఈడ్చుకుంటూ తిప్పారు. కుంటి కాలు ఈడ్చుకుంటూ నడిచే ముసలావిడలాగే. అలా ఈడ్చిన చోట నేల గీసుకుపోయింది. 2007లో ఆ గాడిలో తెల్లటి మట్టి బయటపడింది. పరీక్షిస్తే సిలికా. ఒకప్పుడు అక్కడ వేడినీటి ఊటల్లాంటివి ఉండేవని చెప్పే గుర్తు. చక్రం బాగుండి ఉంటే ఆ మట్టి మీద నుంచి సాఫీగా వెళ్ళిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు. 2009లో అది మెత్తటి ఇసుకలో దిగబడిపోయింది. 2010 మార్చి తర్వాత మాట్లాడలేదు.

ఆపర్చ్యునిటీకి కూడా ముసలితనం వచ్చింది. భుజం కీలు సరిగ్గా పనిచేయక చేతిని ముందుకు చాపుకునే తిరిగేది. పోనుపోను జ్ఞాపకశక్తి కూడా తగ్గింది. రాత్రి కరెంటు తీసేస్తే పగలు సేకరించిన సమాచారం మర్చిపోయేది. అందుకని మర్చిపోయేలోపే చెప్పించుకునేవాళ్ళు. దాన్ని చూసుకునే ఇంజనీర్లే కీళ్ళవాతం, మతిమరుపు అని మాట్లాడేవాళ్ళు. జెరియాట్రిక్ వార్డులో పనిచేసిన వాళ్ళకి ఈ భాష బాగా తెలుసు.

2018 మే ఆఖరులో అంగారకుడి మీద దుమ్ము తుఫాను లేచింది. కొద్ది వారాల్లో గ్రహమంతా కమ్మేసింది. జూన్ 10న ఆపర్చ్యునిటీ నుంచి ఆఖరిసారి సమాచారం వచ్చింది. ఆ సమాచారంలో ఏముందో తెలుసా అండీ? అంకెలు. ఆకాశంలో దుమ్ము ఎంత దట్టంగా ఉందో చెప్పే కొలత 10.8. మామూలు రోజుల్లో అది ఒకటి కూడా ఉండదు. 2007లో ఒక పెద్ద తుఫానును ఇదే బండి తట్టుకుంది, అప్పుడు కూడా ఐదున్నర దగ్గరే ఆగింది. ఇక సోలార్ పలకల నుంచి ఆ రోజు వచ్చిన కరెంటు 22 వాట్ అవర్లు. మన ఇంట్లో పది వాట్ల ఎల్ఈడీ బల్బు రెండు గంటలు వెలగడానికి సరిపోతుంది, అంతే.

"నా బ్యాటరీ తగ్గిపోతోంది" అని అది చెప్పలేదు. దానికి మాటలు రావు. ఎనిమిది నెలలు పిలిచారు. వెయ్యికి పైగా కమాండ్లు పంపారు. 2019 ఫిబ్రవరి 12 రాత్రి ఆఖరిసారి పిలిచి, బిల్లీ హాలిడే పాడిన ఒక పాత పాట వినిపించి, మర్నాడు ఇక లేదని ప్రకటించారు. ఆ సందర్భంలో లాస్ ఏంజెలెస్‌లో ఒక సైన్స్ రిపోర్టరు, సైంటిస్టులు తనకి చెప్పినదాన్ని కుదించి, "ఆఖరి సందేశం దాదాపు ఇలా ఉంది" అని ట్విటర్‌లో ఆ రెండు ముక్కలూ పెట్టాడు. చేతులు మారుతూ మారుతూ "దాదాపు" అన్న మాట రాలిపోయింది. అదే రోవర్ చెప్పిన మాటయిపోయింది. ఆ తర్వాత ఆయనే, అది నా మాటేగానీ రోవర్ మాట కాదని వివరంగా రాశాడు. ఆ వివరణ మాత్రం మన గ్రూపుల్లోకి రాలేదు. వివరణలు ఎప్పుడొచ్చాయి గనక.

ఇది తెలిసిన రోజు నాకు మోసపోయినట్టనిపించింది. స్టాఫ్ రూములో పోసిన కన్నీళ్ళు వెనక్కి ఇచ్చెయ్యమని అడగాలన్నంత కోపం వచ్చింది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. క్యూరియాసిటీ అని ఇంకో రోవర్, 2012 ఆగస్టులో దిగింది. అది ప్రతి ఏడాదీ తన పుట్టినరోజుకి ఒంటరిగా "హ్యాపీ బర్త్‌డే" పాడుకుంటుందని మీరు చదివే ఉంటారు. నిజమేమిటంటే ఒక్కసారే, 2013లో, మొదటి ఏడాది నిండినప్పుడు. మట్టిని పరీక్షించే పరికరంలో మట్టి కదలడానికి ఒక కుదుపు పెట్టారు. ఆ కుదుపుల శబ్దాన్ని రాగంలా అమర్చారు. మళ్ళీ చేయలేదు. దాని వల్ల సైన్సుకి ఒరిగేదేమీ లేదు, కరెంటు దండగ. కానీ "ఒక్కసారి పాడింది" అంటే ఎవరు ఫార్వర్డ్ చేస్తారు? "ప్రతి ఏడాదీ, ఒంటరిగా" అంటేనే కదా మనకి గుండె కలుక్కుమనేది.

మరి ఈ బళ్ళకి "నేను" అనడం ఎవరు నేర్పారు? అది వెతికితే ఒక ఆడమనిషి తేలింది. నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబ్‌లో వార్తా విభాగం చూసిన వెరోనికా మెక్‌గ్రెగర్. 2008లో ఫీనిక్స్ అనే ల్యాండర్ దిగబోతున్నప్పుడు దాని పేరున ట్విటర్ ఖాతా తెరిచి, "నేను" అంటూ రాయడం మొదలుపెట్టారావిడ. అప్పట్లో ఒక ట్వీటుకి 140 అక్షరాలే. "ఫీనిక్స్ అంతరిక్ష నౌక" అని ప్రతిసారీ రాసే కన్నా "నేను" అంటే చోటు కలిసొస్తుంది. మంచు దొరికిన రోజు ఆ ఖాతా చిన్నపిల్లలా ఎగిరి గంతేసింది. క్యూరియాసిటీ వచ్చేసరికి ఆ గొంతు వెనక ముగ్గురు ఆడవాళ్ళు ఉన్నారు. చోటు కోసం మొదలైన "నేను"తో లక్షలమంది కబుర్లు చెప్పుకున్నారు. పోపుల డబ్బాలో చోటు చాలక చేసిన సర్దుబాటే ఆఖరికి ఇంటి పద్ధతి అయిపోయినట్టు.

నా కోపం ఇక్కడే కొంచెం తగ్గింది. ఎందుకంటే వార్డులో నేను చేసే పని కూడా ఇదే. మానిటర్ మీద ఉండేవి అంకెలు. హ్యాండోవర్‌లో ఒకరికొకరం చెప్పుకునేవి అంకెలు. కూతురు ఫోన్ చేసి "మా అమ్మ ఎలా ఉంది?" అంటే ఆ అంకెలు చెప్పం. "రాత్రి కొంచెం నలతగా ఉన్నారు, ఇప్పుడు సర్దుకున్నారు" అంటాం. నలత అనే మాట మానిటర్ మీద లేదు. మాట మాది, మనిషి ఆమెది. మాట అబద్ధమైతే ఉద్యోగం పోతుంది. అసలు మాటే లేకపోతే ఆ కూతురికి ఏమీ చేరదు. ఆ రిపోర్టరు చేసింది కూడా అదే. 10.8, 22 అంటే నేను టీ తాగేసి లేచి వెళ్ళిపోయేదాన్ని.

వాటికి పేర్లు పెట్టిన పిల్ల సంగతి కూడా చెప్పాలి, ఎక్కువమందికి తెలియదు. స్పిరిట్, ఆపర్చ్యునిటీ అనే పేర్లు పెట్టింది సోఫీ కాలిస్ అనే తొమ్మిదేళ్ళ పాప. సైబీరియాలో పుట్టింది. అక్కడ అనాథాశ్రమంలో ఉండేది. అరిజోనాలో ఒక కుటుంబం దత్తత తీసుకుని అమెరికా తీసుకొచ్చింది. పిల్లలకి పెట్టిన పోటీలో ఆ పాప రాసిన వ్యాసం గెలిచింది. ఆశ్రమంలో చీకటిగా, చలిగా ఉండేదనీ, రాత్రిపూట ఆకాశం చూస్తే మనసు కుదుటపడేదనీ అందులో రాసింది. దేశం మారిన పిల్ల పెట్టిన పేర్లు కాబట్టేనేమో, మనకి అవి తొందరగా నోరు తిరిగాయి.

ఇంకో సంగతి, నైట్ డ్యూటీలు చేసేవాళ్ళకి మాత్రమే అర్థమయ్యేది. అంగారకుడి రోజు మన రోజు కన్నా దాదాపు నలభై నిమిషాలు ఎక్కువ. రోవర్ దిగిన మొదటి మూడు నెలలూ దాన్ని చూసుకునే వాళ్ళు ఆ గడియారం ప్రకారమే బతుకుతారు. ఇవాళ తొమ్మిదింటికి డ్యూటీ అయితే రేపు తొమ్మిదీ నలభైకి, ఎల్లుండి పదీ ఇరవైకి. రెండు మూడు వారాల్లో పగలు రాత్రయిపోతుంది. వాళ్ళ కోసం కాలిఫోర్నియాలో ఒక వాచీల దుకాణం ఆయన అంగారకుడి టైముకి నడిచే చేతిగడియారాలు చేసిచ్చాడు. క్యూరియాసిటీ దిగినప్పుడు ఒక ఫ్లైట్ డైరెక్టర్ ఇంట్లో భార్యా, ముగ్గురు పిల్లలూ కూడా నెలరోజులు ఆయనతో పాటే ఆ టైములో బతికారు. అర్ధరాత్రి భోజనాలు, తెల్లారి నిద్రలు. చదివి నాకు అసూయ వేసింది. నా నైట్లకి మా ఇంట్లో ఎవరూ నాతో పాటు మేలుకోలేదు. ఒక్క నాన్న తప్ప. నా బ్రేక్ టైముకి అక్కడ ఉదయం ఎనిమిదిన్నర. కాఫీ గ్లాసు పట్టుకుని ఫోన్ దగ్గర కూర్చునేవారు.

2021 ఫిబ్రవరి 18న పర్సెవరెన్స్ దిగింది. ఇక్కడ రాత్రి తొమ్మిదవుతోంది, గుంటూరులో తెల్లవారుజాము రెండున్నర. నాన్న పడుకోలేదు. వీడియో కాల్‌లో ఇద్దరం చూశాం. కంట్రోల్ రూము నుంచి ఒక్కో మెట్టూ చెప్తున్న అమ్మాయి స్వాతి మోహన్. నుదుట బొట్టు. "ఆ పిల్ల బొట్టు పెట్టుకుందే!" అని నాన్న అమ్మని నిద్ర లేపారు. మర్నాటికి మన గ్రూపుల్లో ఆవిడ తెలుగమ్మాయి అయిపోయింది. కాదండీ, బెంగళూరులో పుట్టి, ఏడాది పిల్లగా ఉండగా అమెరికా వెళ్ళిన ఆవిడ. అయినా మనకి గర్వం తగ్గనక్కర్లేదు.

ఆ బండి మీద మనకి సంబంధించినది ఒకటుంది. ఎడమ పక్కన, మధ్య చక్రానికీ వెనక చక్రానికీ నడుమ, అరచేయంత అల్యూమినియం పలక బిగించారు. 2020 జులైలో, కోవిడ్ మధ్యలో ప్రయోగం జరిగింది కాబట్టి, ప్రపంచంలోని ఆరోగ్య సిబ్బంది అందరి గౌరవార్థం పెట్టిన పలక అది. వైద్యానికి గుర్తయిన పాము చుట్టుకున్న కర్ర, దాని పైన భూమి. ఆ కర్ర భూమిని మోస్తున్నట్టు ఉంటుంది. ఇక్కడ గురువారం గురువారం మాకు కొట్టిన చప్పట్లు పది వారాల్లో ఆగిపోయాయి. ఆ పలక మాత్రం ఇప్పటికీ అంగారకుడి మీద తిరుగుతోంది. నాన్న ఆ సంగతి వీధిలో అందరికీ చెప్పారు, నా పేరే చెక్కినట్టు.

ఆ రాత్రి ఇంకో మాట అన్నారు. సిగ్నల్ రావడానికి పదకొండు నిమిషాలు పడుతుందని నేను చెప్పాను. మనకి "దిగుతోంది" అని వినిపించేసరికే అది దిగి ఉంటుంది, లేదా పగిలి ఉంటుంది. నాన్న కాసేపు ఆలోచించి, "అంటే అంతా అయిపోయాకే మనకి తెలుస్తుందన్నమాట" అన్నారు.

మేలో ఆయనకి కోవిడ్ వచ్చింది. అమ్మకీ వచ్చింది గానీ ఇంట్లోనే తగ్గింది. నాన్నని ఆసుపత్రిలో చేర్చారు. ఏప్రిల్ 23 నుంచి బ్రిటన్ ఇండియాని రెడ్ లిస్టులో పెట్టింది. వెళ్తే, తిరిగొచ్చాక పది రోజులు హోటల్లో ఉండాలి. ఇక్కడ వార్డులో మనుషుల్లేరు, ఇంట్లో చిన్నపిల్లలు. వెళ్ళలేకపోయానా, వెళ్ళలేదా అన్నది నాకిప్పటికీ తేలలేదు. తమ్ముడు ఆసుపత్రి గేటు బయట, అమ్మ ఇంట్లో ఒక గదిలో, నేను ఇక్కడ. లోపల ఒక చిన్న సిస్టర్, నేనూ నర్సునని తెలిసి, రోజుకు రెండుసార్లు నాకు అంకెలు పంపేది. 91. 88. 88. 84. ఎంత పనిలో ఉండి పంపేదో నాకు తెలుసు. నేను వాటిని మాటలు చేసి అమ్మకి చెప్పేదాన్ని. "ఇవాళ కొంచెం ఆయాసంగా ఉన్నారట. ఇడ్లీ ఒకటి తిన్నారట."

ఆఖరి రోజు ఆ అమ్మాయి ఫోనే చేసింది. అంకెలు చెప్పింది. అవి ఇక్కడ రాయను. నర్సులకి రాయక్కర్లేదు, మిగతావాళ్ళకి అవసరం లేదు. నాన్న ఏమీ అనలేదు. అనే స్థితిలో లేరు. అమ్మ మాత్రం ఒకటే అడిగింది: "ఆఖర్న ఏమన్నారే?"

"నిద్రొస్తోంది, లైటు తీసెయ్యండి అన్నారటమ్మా" అన్నాను.

నా నోటికి అదెలా వచ్చిందో నాకు తెలియదు. తర్వాత చాలా రోజులకి తట్టింది, స్టాఫ్ రూములో చదివిన ఫార్వర్డ్. అమ్మ ఆ మాట పట్టుకుంది. పరామర్శకి వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. "కష్టపడలేదమ్మా, నిద్రొస్తోంది లైటు తీసెయ్యమన్నారట" అని. సంవత్సరీకాలప్పుడు మా మేనత్త నాకే చెప్పింది, మా అన్నయ్య పుణ్యాత్ముడు, లైటు తీసెయ్యమని పడుకున్నాడు అని. నేను తల ఊపాను.

2023 ఆగస్టులో మన చంద్రయాన్-3 దిగినప్పుడు అమ్మ కూడా టీవీ ముందు కూర్చుంది. అది చంద్రుడే అనుకోండి, కానీ శ్రీహరికోట నుంచి వెళ్ళిన మన బండి. ప్రజ్ఞాన్ బరువు 26 కిలోలు, పది రోజులకి దాన్ని నిద్రపుచ్చారు. చంద్రుడి మీద తెల్లవారాక, సెప్టెంబరు 22న లేపడానికి ప్రయత్నించారు. ఆ వారమంతా అమ్మ ఫోన్‌లో "లేచిందా?" అని అడిగేది. లేవలేదు. "నిద్రపుచ్చారు" అన్న మాట కూడా ఎవరో మనిషి పెట్టిందే కదా అనిపించింది నాకు. స్విచ్ కట్టేశారు అంటే అమ్మ అన్ని రోజులు అడిగేది కాదు.

నేనుండే చోటికి గంట దూరంలో స్టీవనేజ్ అని ఊరుంది. యూరప్ వాళ్ళ రోవర్‌ని అక్కడే కట్టారు. పేరు రోజలిండ్ ఫ్రాంక్లిన్. డీఎన్ఏ రూపం తెలియడానికి కారణమైన ఎక్స్‌రే ఫోటోలు తీయించి, తగిన పేరు రాకుండానే 37 ఏళ్ళకి పోయిన ఆవిడ. ఆపర్చ్యునిటీ ఇక లేదన్న ప్రకటనకి ఆరు రోజుల ముందే ఈ పేరు ప్రకటించారు. 2022లో వెళ్ళాల్సింది, యుద్ధం వచ్చి రష్యాతో ఒప్పందం తెగి ఆగిపోయింది. ఇప్పుడు 2028 అంటున్నారు. రెండు మీటర్ల లోతు దాకా తవ్వుతుందట. దాని ఖాతా కూడా "నేను" అంటూ మాట్లాడితే ఈసారి ఆ మాట రాస్తున్నదెవరో కూడా తెలుసుకోవాలని ఉంది నాకు.

ఈ వ్యాసం గ్రూపులు తిరిగి తిరిగి ఎలాగూ మా ఊరు చేరుతుందని తెలుసు. ఎవరో ఒకరు అమ్మకి చదివి వినిపిస్తారు. అందుకే పంపేముందు నేనే ఫోన్ చేసి చెప్పాను. రోవర్ మాట సంగతి చెప్పి, తర్వాత నాన్న మాట సంగతి చెప్పాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. నెట్‌వర్క్ పోయిందేమో అనుకున్నాను.

"ఆయన లైటు తీసెయ్యమంటాడటే? నలభై ఏళ్ళు లైటు వేసుకుని పడుకున్న మనిషి. నాకప్పుడే తెలుసు."

"మరి అందరికీ అదే చెప్పావు?"

"అడిగిన వాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలిగా. నువ్వు చెప్పింది బాగుంది, అదే చెప్పాను."

నేను ఏడుస్తున్నానని తెలిసి మాట మార్చింది. ఆయన మేలుకుని చూసిన బండి ఇంకా తిరుగుతోందా అని అడిగింది. తిరుగుతోందమ్మా, దానికన్నా ముందు వెళ్ళింది కూడా తిరుగుతోంది అన్నాను.

"ఎన్ని కిలోమీటర్లయిందో కనుక్కుని చెప్పు" అంది.